బానెట్ తెరవని వీరులు

మొన్న ఆదివారం మా మనవడు కొత్త కారు వేసుకుని వచ్చాడు. వచ్చాడని నాకు తెలియనే లేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నవాణ్ణి తలెత్తి చూస్తే కాళ్ళ దగ్గర కారుంది. మా రోజుల్లో బండి వీధి మలుపు తిరగకముందే అది ఎవరిదో, దానికేం జబ్బు చేసిందో చెప్పేవాళ్ళం. ఇప్పుడు కార్లు పిల్లుల్లా వచ్చి పక్కన కూర్చుంటున్నాయి.

"1,020 హార్స్‌పవర్ తాతా!" అన్నాడు. టెస్లా ప్లెయిడ్ అట. బానెట్ ఎత్తరా చూద్దాం అన్నాను. (ఇక్కడ అమెరికాలో హుడ్ అంటారు. యాభై ఏళ్ళు దాటినా నా నోటికి అది బానెట్టే.) ఎత్తాడు. లోపల నున్నటి తొట్టి. అందులో వాడి టెన్నిస్ రాకెట్టూ, ఉతకాల్సిన బట్టల మూటా.

"ఇంజినేదిరా?"

"ఇంజినుండదు తాతా. మోటార్లు మూడున్నాయి, అడుగున. మనం ముట్టుకునేది ఏమీ ఉండదు."

ముట్టుకోవడానికి వీల్లేని ఆ వస్తువు గురించి గంటసేపు మాట్లాడాడు. ఈలోగా వాడి స్నేహితుడొకడు పెట్రోలు బండిలో వచ్చాడు. ఇద్దరూ సున్నా నుంచి అరవైకి ఎన్ని సెకన్లు, పావు మైలుకి ఎన్ని సెకన్లు అని అంకెలు ఒప్పజెప్పుకున్నారు. గంటలో ఒక్కడంటే ఒక్కడు ఒక్క రోగం పేరెత్తలేదు. నాకు ఒళ్ళు మండింది అక్కడే. మా రోజుల్లో నలుగురు కార్ల పిచ్చివాళ్ళు ఒకచోట చేరితే మొదట మాట్లాడుకునేది రోగాల గురించే. నీది వేడెక్కుతోందా, నాది నూనె తాగుతోంది, వాడిది మూడో గేరులో పళ్ళు కొరుకుతోంది. ఎంత వేగంగా పోతుందన్నది ఆ తర్వాతి మాట. అసలు పోతే కదా!

నేను ఉద్యోగానికి డెట్రాయిట్ వచ్చింది 1972లో. గుడివాడ దగ్గర పల్లె, కాకినాడలో ఇంజినీరింగు, ఇక్కడ ఎం.ఎస్. ఒక కార్ల కంపెనీలో డ్రాయింగు బల్ల ముందు ఉద్యోగం. ఇంజిన్ల గురించి నాకు అంతా తెలుసనుకునేవాణ్ణి. నా అజ్ఞానాన్ని వదిలించినవాడు మా పక్కింటాయన. వృత్తి టూల్ అండ్ డై మేకర్. కుర్రతనం కాలిఫోర్నియాలో గడిచింది, రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రం మీద డీజిల్ ఇంజిన్ల దగ్గర పనిచేశాడు. తిరిగొచ్చాక పాత ఫోర్డు కొని, మడ్‌గార్డులు పీకేసి, బరువు తగ్గించి, ఎల్ మిరాజ్ ఎండు సరస్సు మీద దుమ్ము రేపినవాళ్ళలో ఒకడు. హాట్ రాడ్ అంటే అదే. డబ్బులేని కుర్రాడు, పాడుబడ్డ కారు, చేతినిండా పని.

ఆయన గ్యారేజీలో 1932 ఫోర్డు కూపే ఉండేది. డ్యూస్ అంటారు దాన్ని ముద్దుగా. సామాన్యుడు కొనగలిగిన ధరలో వి8 ఇంజిను పెట్టి అమ్మిన మొదటి కారు అది. 221 క్యూబిక్ ఇంచులు, 65 హార్స్‌పవర్. మా మనవడి కారు ముందు పెడితే నవ్వొస్తుంది. కానీ ఆ 65ని 100 చేయడానికీ, 100ని 150 చేయడానికీ అమెరికాలో ఒక తరం కుర్రాళ్ళు చేతులు కాల్చుకున్నారు. వాళ్ళకోసం 1948 జనవరిలో 'హాట్ రాడ్' అని పత్రికొకటి పుట్టింది. వీధుల్లో పందాలు కట్టి జనాన్ని గుద్దుతున్నారని గోల మొదలైతే, ఆ పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ 1951లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే హాట్ రాడ్ సంఘం పెట్టి వాళ్ళని వీధి నుంచి డ్రాగ్ స్ట్రిప్ మీదికి తోలాడు.

ఆ ఫోర్డు ఇంజినుకి పుట్టుకతో వచ్చిన జబ్బొకటుంది. వాల్వులు హెడ్డులో కాక బ్లాకులో ఉంటాయి. అందుకే ఫ్లాట్‌హెడ్ అన్నారు. కాలిన పొగ బయటికి పోవాలంటే బ్లాకు లోపలి నుంచి, నీళ్ళ జాకెట్ మధ్య నుంచి దారి చేసుకుని పోవాలి. ఉడుకుతున్న అన్నం పొయ్యి పక్కనుంచి మంచినీళ్ళ గొట్టం వేసినట్టు! పైగా ఒక్కో వైపు మధ్యనున్న రెండు సిలిండర్లకీ పొగగొట్టం ఉమ్మడి. వేడెక్కక ఏంచేస్తుంది? ఈ సంగతి కాకినాడలో నాకెవరూ చెప్పలేదు. పక్కింటాయన ఒక పాత బ్లాకుని కొయ్యబల్ల మీద పెట్టి, నా వేలు పట్టుకుని ఆ పొగదారిలో దూర్చి చూపించాడు. వేలు బయటికి తీస్తే మసి. ఆ మసి పోవడానికి రెండ్రోజులు పట్టింది. పాఠం ఇప్పటిదాకా పోలేదు.

డెట్రాయిట్ వచ్చిన ఏడాదే 1967 షెవర్లే షెవెల్ ఒకటి పాతది కొన్నాను. 283 వి8. కొన్న మూడో వారం నుంచీ హైవే ఎక్కి కాస్త తొక్కితే నత్తి పట్టేది. నేను ఎం.ఎస్. చదివినవాణ్ణి కదా, కార్బురేటరే అని తీర్పు ఇచ్చేశాను. పక్కింటాయన ఏమీ అనలేదు. బండి స్టార్ట్ చేయించి, జేబులోంచి డాలరు నోటు తీసి సైలెన్సరు మూతి దగ్గర పట్టుకున్నాడు. నోటు రెపరెపలాడుతూ బయటికే పోతోంది. మధ్యమధ్య లోపలికి పీల్చుకుంటే వాల్వు కాలినట్టు లెక్క. పీల్చుకోలేదు. బతికిపోయాను. తర్వాత బారెడు స్క్రూడ్రైవరు తీసుకుని మొన ఇంజిను మీద, పిడి తన చెవికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. అచ్చం నాడి చూసే వైద్యుడే. ప్లగ్గులు ఎనిమిదీ విప్పించి పాత దుప్పటి మీద వరసగా పేర్పించాడు. నల్లగా మసి కడితే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు, సున్నం తెలుపైతే చాలనట్టు, నూనె తడి ఉంటే రింగులు పోయినట్టు. నావి ఎనిమిదీ లేత గోధుమరంగులో, చక్కగా. అంటే నా కార్బురేటర్ తీర్పు కొట్టేసినట్టే.

"పాయింట్లు" అన్నాడు.

ఆ కాలపు జీఎం వి8 డిస్ట్రిబ్యూటరుకి పక్కన చిన్న రేకు కిటికీ ఉండేది. దాన్ని పైకి జరిపితే లోపల పాయింట్ల ఎడం సరిచేసే మర, అలెన్ కీ పట్టేది. ఇంజిను తిరుగుతుండగానే కీ పెట్టి కుడివైపు మెల్లగా తిప్పాడు. ఇంజిను తడబడింది, మాట ముద్దయింది. అక్కడ ఆపి, సరిగ్గా అర చుట్టు వెనక్కి తిప్పాడు. అంతే! గొంతు సవరించుకున్నట్టు ఇంజిను నున్నగా పాడటం మొదలెట్టింది. మీటరు లేదు, స్క్రీను లేదు. ఫీజు మా ఆవిడ చేసిన గారెలు, అల్లప్పచ్చడి. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు మా వీధిలో ఎవరి బండికి జబ్బు చేసినా ఆ గ్యారేజీలో గారెలుండేవి. ఆ దొర అల్లప్పచ్చడి లేకుండా ట్యాపెట్లు ముట్టుకునేవాడు కాదు.

నిజం చెప్పాలంటే ఆ చెవి నాకు కొత్తేమీ కాదు. మా నాన్నగారి రైసుమిల్లులో పెద్ద ఆయిల్ ఇంజినుండేది. ఇంజిన్ డ్రైవరు దాని పక్కనే నులకమంచం వేసుకుని పడుకునేవాడు. అంత మోతలో గురకపెట్టి నిద్రపోయేవాడు కానీ, చప్పుడులో తేడా వచ్చిందంటే చటుక్కున లేచి కూర్చునేవాడు. బెల్టు జారిందో, పంపులోకి గాలి వెళ్ళిందో, కళ్ళు నులుముకుంటూనే చెప్పేవాడు. అ ఆలు రాని మనిషి. గుడివాడ మిల్లు డ్రైవరుకీ, మిషిగన్ దొరకీ ఒకే గురువు, ఇంజినే.

చిన్న షెవర్లే వి8 ఫైరింగ్ ఆర్డరు నాకు ఇప్పటికీ ఎక్కంలాగా వస్తుంది. ఒకటి, ఎనిమిది, నాలుగు, మూడు, ఆరు, ఐదు, ఏడు, రెండు. 1955లో ఆ ఇంజిను పుట్టినప్పటి నుంచీ అదే వరస. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. 1997లో ఎల్‌ఎస్ ఇంజిను తెచ్చి ఆ వరస మార్చారు. మంచిదేనట, క్రాంకు బేరింగుల మీద భారం తగ్గుతుందట. ఒప్పుకుంటాను. కానీ ఇప్పటి కుర్రాణ్ణి ఆ కొత్త వరసైనా చెప్పమనండి! వాడికి అక్కర్లేదు. కంప్యూటరుకి తెలుసు కదా.

అప్పట్లో అన్నీ బంగారమే అనను. ఆ బండ్లకి ముక్కూ మూతీ లేని డ్రమ్ము బ్రేకులు. వాన పడితే దేవుడి మీద భారం వేసి తొక్కేవాళ్ళం. పెట్రోలులో సీసం. అది విషమని తెలిసినా పీల్చాం, పిల్లల చేత పీల్పించాం. చలికాలంలో కార్బురేటరు బండి స్టార్ట్ చేయడం ఒక వ్రతం. చోకు రేకులో పెన్సిలు దోపి, రెండుసార్లు తొక్కి, ఆగి, మళ్ళీ తొక్కి... మూడోసారి తొక్కితే పెట్రోలు ముంచెత్తి, ఇక ఆ పూట ఆఫీసు లేదు. మా ఆవిడ ఒడిలో పిల్లతో మంచులో నిలబడి చూసిన రోజులు ఇప్పటికీ మర్చిపోలేదు, నన్ను మర్చిపోనివ్వదు. ఇంజెక్షన్ బండి మొదటి తాళానికే లేచిన రోజున "ఇదీ కారంటే" అంది. నా షెవెల్‌ని చూస్తూ అంది.

అంకెల అబద్ధాలూ మా రోజుల్లోనే ఎక్కువ. 1971 దాకా హార్స్‌పవర్ని ఫ్యానూ, సైలెన్సరూ తగిలించకుండా ఉత్త ఇంజిన్ని స్టాండు మీద పెట్టి కొలిచేవారు. 1972 నుంచి అన్నీ తగిలించి కొలవడం మొదలైంది. దానికితోడు సీసం లేని పెట్రోలు కోసం కంప్రెషన్ తగ్గించారు. 1973లో అరబ్బులు నూనె ఆపారు. 1975 కార్వెట్‌లో 350 క్యూబిక్ ఇంచుల వి8 ఉండీ మామూలు మోడలుకి దక్కింది 165 హార్స్‌పవర్. సింహానికి పళ్ళు పీకి పెరుగన్నం పెట్టారని పక్కింటాయన నెల రోజులు అన్నం సరిగా తినలేదు. గారెలు మాత్రం తిన్నాడు.

ఇప్పుడు చూడండి. 2023లో డాడ్జ్ డీమన్ 170 అని తెచ్చారు. షోరూములోంచి దిగుతూనే 1,025 హార్స్‌పవర్. మా కాలంలో మహా మొనగాడు 426 హెమీ. దానికి కంపెనీ చెప్పినది 425. కాదనను, అది ఇంజినీరింగే. నా సాటి ఇంజినీర్లు చేసిందే. కానీ కొన్నవాడు చేసిందేముంది? చెక్కు మీద సంతకం. మా రోజుల్లో వేగం కావాలంటే హెడ్డు దింపాలి, పోర్టులు రుద్దాలి, క్యామ్ మార్చాలి, తప్పు చేయాలి, మళ్ళీ దింపాలి. ఇప్పుడు వేగాన్ని ఫ్రిజ్ కొన్నట్టు కొంటున్నారు.

ఇంకా వింత, డాడ్జ్ వాళ్ళ ఎలక్ట్రిక్ కారు చార్జర్ డేటోనాకి పొగే లేదు, పొగగొట్టం చప్పుడు మాత్రం ఉంది! వెనకాల యంత్రం పెట్టి వి8 ఉరుముని పుట్టిస్తారు. 126 డెసిబెల్స్ అని కంపెనీ గొప్ప. డోలు సన్నాయి లేకుండా మైకులో రికార్డు వేసి తాళి కట్టించినట్టుంది. చప్పుడు ఇంజిను ఆరోగ్యం చెప్పడానికి కదా! రికార్డుకి దగ్గొస్తుందా, జలుబు చేస్తుందా?

కంప్యూటరు మీద నాకు కోపం లేదు. దాన్ని నమ్మి చెవులు మూసుకునేవాళ్ళ మీదే. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఒక షాపుకి తీసుకెళ్ళింది. కోడు పి-0171, పెట్రోలు పాళ్ళు తక్కువని అర్థం. ఆక్సిజన్ సెన్సరు మార్చారు, డబ్బు తీసుకున్నారు. వారంలో మళ్ళీ లైటు. ఈసారి గాలి కొలిచే సెన్సరు మార్చారు. మళ్ళీ లైటు. మూడోసారి క్యాటలిటిక్ కన్వర్టరు మార్చాలని అంచనా రాసి ఇచ్చారు. ఆ అంకె చూసి మా అల్లుడు గుటకలు మింగాడు. నేను బండిని వాకిట్లో పెట్టించి, ఐడిలింగులో ఉంచి, చెవి పెట్టాను. సన్నగా ఈల. కార్బురేటర్ క్లీనరు డబ్బా తెచ్చి రబ్బరు గొట్టాల మీద కొద్దికొద్దిగా చిమ్ముకుంటూ పోతే ఒకచోట ఇంజిను చప్పుడు మారింది. వేలెడు గొట్టం, వెనకవైపు చీలిక. దాన్లోంచి దొంగగాలి లోపలికి పోతోంది. కొత్త గొట్టానికి కాఫీ ఖర్చంత కూడా కాలేదు. కోడు అబద్ధం చెప్పలేదు పాపం. గాలి ఎక్కువైందనే చెప్పింది. ఎక్కడినుంచి అన్నది మనిషి వెతకాలి. వాళ్ళు ఏది అమ్ముడుపోతుందో దాన్నే వెతికారు.

నా చెవులూ ఒకసారి దెబ్బతిన్నాయి, దాచను. 2007లో షెవెల్‌కి కొత్త క్యామ్ వేశాను. పాతరకం క్యామ్ వేశాక మొదటి ఇరవై నిమిషాలు రెండువేల ఆర్‌పీఎమ్ పైన తిప్పాలి, ఐడిలింగు పనికిరాదు. ఇవన్నీ చేశాను. పోసింది మాత్రం షాపులో దొరికిన కొత్తరకం నూనె. కన్వర్టర్లు పాడవకుండా ఆ నూనెల్లో జింకు, ఫాస్ఫరస్ తగ్గించేశారని ఉద్యోగరీత్యా నాకు తెలుసు. తెలిసీ పోశాను! వారం తిరక్కుండా టిక్ టిక్ మొదలైంది. విప్పితే ఒక క్యామ్ బొడిపె అరిగి గుండ్రంగా అయిపోయింది. లోహపు పొడి ఇంజినంతా పాకింది. పక్కింటాయన అప్పటికి పోయి చాన్నాళ్ళయింది. ఉంటే ఏమీ అనేవాడు కాదు. అదే ఇంకా బాధ.

పోయినేడు బెజవాడ వెళ్ళినప్పుడు పనిగట్టుకుని ఆటోనగర్‌లో ఒక పూట తిరిగాను. ఒక కుర్రాడు లారీ ఇంజిను మీదికి వంగి ఉన్నాడు. ఒక చేతిలో స్కానరు, రెండో చేతిలో బారెడు స్క్రూడ్రైవరు, పిడి చెవి దగ్గర. "ఏం చెబుతోంది బాబూ?" అన్నాను. "మిషన్ ఒకటి చెబుతోంది, బండి ఇంకోటి చెబుతోంది బాబాయ్" అన్నాడు తలెత్తకుండానే. టీ తాగించి వచ్చాను. డెట్రాయిట్‌లో ఇలాంటివాడు ఎదురై ఎన్నేళ్ళయిందో!

మా ఊళ్ళో ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అని పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. పిల్లల సాకర్ మైదానానికి చందాల కోసమని 1995లో మొదలైంది. ఇప్పుడది పెద్ద తిరనాళ్ళు. వెళ్ళి చూస్తే ఏముంది? పాత కార్లు ట్రైలర్ల మీద వస్తున్నాయి. ఇంజిను మీద అరచెయ్యి పెడితే చల్లగా ఉంటుంది. అద్దంలా తోమి, "ముట్టుకోరాదు" అని బోర్డు. గాజు పెట్టెలో లడ్డూ! యజమానిని కార్బురేటరు జెట్టు సైజెంత అని అడిగితే, నన్ను పోలీసువాణ్ణి చూసినట్టు చూశాడు. చేయించింది షాపు, ఈయన కట్టింది బిల్లు.

ఆదివారం సాయంత్రం మనవణ్ణి వదల్లేదు. షెవెల్ స్టార్ట్ చేసి, రేకు కిటికీ పైకి జరిపి, వాడి చేతికి అలెన్ కీ ఇచ్చాను. పక్కింటాయన కీ అది. కుడివైపు తిప్పించాను. ఇంజిను తడబడింది. "విన్నావా?" అన్నాను. "ఏం వినాలి తాతా?" అన్నాడు. మళ్ళీ తిప్పించాను. వినపడలేదట. ఫోన్ తీసి ఆ చప్పుడు రికార్డు చేసి గీతలుగా చూపించాడు. "ఇదిగో, ఇక్కడ ఒకటి మిస్సవుతోంది" అన్నాడు వేలు పెట్టి. సరిగ్గానే పెట్టాడు. నా కళ్ళజోడు పెట్టుకుని చూస్తే నాకూ కనపడింది. చెవికి వినపడనిది కంటికెట్లా కనపడిందిరా అంటే నవ్వాడు. వెళ్ళేటప్పుడు అలెన్ కీ అడిగాడు. ఇవ్వలేదు.

ఈ ఆగస్టులోనూ ఆ మూడో శనివారం పొద్దున్నే వుడ్‌వర్డ్ రోడ్డు మీద, పదమూడో మైలు రోడ్డు కలిసేచోట మడతకుర్చీ వేసుకుని ఉంటాను, పక్కన షెవెల్, బానెట్ ఎత్తి. మీ బండికి ఏదైనా జబ్బుంటే తీసుకురండి. జబ్బు లేనివాళ్ళు రావద్దు. గారెలు చేస్తానని మా ఆవిడ ఒప్పుకుంది.